ఫోటోలో నాలుగో మనిషి

నాచారం కమ్యూనిటీ హాల్లో పాత ఫోటోలు పెట్టారని తెలిసి ఊళ్లో సగం మంది ఎగబడ్డారు. ఎవరికి వాళ్లు తమ మొహాలు వెతుక్కోవడమే తప్ప పక్క ఫోటో వైపు చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ చోట వరి కోస్తున్న ఆడవాళ్లు, చెరువు కట్ట మీద ఎడ్లబండ్లు, నెత్తిన బోనాలతో కదలలేక కదులుతున్న జనం. "గప్పుడు మస్తుండె" అని ఎవరో నిట్టూర్చారు. ఆ పొలాల్లో నడుము విరగ్గొట్టుకున్నవాళ్లు మాత్రం ఆ మాట అనలేదు, అది వేరే సంగతి.

ప్రవీణ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. మందుల సీసాలకు లేబుళ్లు అంటించే కంపెనీలో పని, పొద్దస్తమానం నిలబడే ఉండాలి. కాళ్లు పీకేస్తున్నాయి. ఆమె వెతుకుతున్నది తన మొహం కాదు, తల్లి మొహం.

తల్లి వెంకటనర్సమ్మ, ప్రవీణ పాలు మరవకముందే పచ్చకామెర్లతో పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఉప్పల్‌లో పొలం పనికి పోయే ఇంట్లో ఫోటోలు దిగే తీరిక ఎవరికుంటుంది? ఎప్పుడడిగినా తండ్రి ఆగయ్యది ఒకటే మాట. "ఫోటో ఎందుకు బిడ్డా, అద్దంల సూస్కో. అచ్చం నువ్వే మీ అమ్మ." చిన్నప్పుడు ఆ మాటకు మురిసిపోయి నిజంగానే అద్దం ముందు నిలబడేది. ముప్పై అయిదు దాటేసరికి ఆ మురిపెం పోయి ఉక్రోషం మిగిలింది. ఈ మొహం తనకెక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి కళ్లారా చూడాలి. ఆమెకు కావలసింది అంతే.

మేనత్త ఉప్పలమ్మ పోయే ముందు ఒక సంగతి చెప్పింది. నర్సమ్మ జన్మలో ఒకే ఒక్కసారి ఫోటో దిగిందట. గుంటూరు నుంచి వచ్చి నాచారంలో ఉండే సత్యనారాయణమూర్తి సారు ఇంట్లో ఆమె పాలు పోసేది. ఒకరోజు సారు ఫోటోగ్రాఫర్ని ఇంటికి పిలిపించుకున్నాడు. తీరా కెమెరా ముందు కూర్చున్నాక చూసుకుంటే మొగుడు, పెళ్లాం, ఒళ్లో పిల్లాడు. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరికి మూడుతుందని అందరికీ భయమే కదా. పాలు పోసి వెళ్లిపోతున్న నర్సమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నలుగుర్ని చెయ్యడానికి పక్కన నిలబెట్టారు.

హాల్లో ఓ మూల ఆ ఫోటో కనిపించింది. కింద సారు పేరు రాసి ఉంది. కుర్చీలో సారు, పక్కన భార్య, ఆమె ఒళ్లో పిల్లాడు. ముగ్గురే. ప్రవీణ మళ్లీ లెక్కపెట్టింది. దగ్గరికెళ్లి చూస్తే అంచున ఎవరిదో మోచెయ్యి, దాని కింద గాజులు. మిగతా మనిషిని ఎవరో కత్తిరించేశారు.

ఫోటోలు పెట్టినవాళ్లను బతిమాలితే చిరునామా ఇచ్చారు. సారు పోయాడు, కుటుంబం ఇప్పుడు మేడిపల్లిలో ఉంటోంది. వారానికి ఒక్క సెలవు, ఆ ఆదివారం కూడా బట్టలుతికి, వంట చేసి, కిక్కిరిసిన బస్సులో వేలాడుతూ వెళ్లింది ప్రవీణ. సారు మనవడు తేజేష్ తలుపు తీశాడు.

"ఆ ఫోటో నేనే స్కాన్ చేసి ఇచ్చానండి," అన్నాడు హుషారుగా. "పక్కన ఎవరో పనమ్మాయి ఉంటే క్రాప్ చేసేశాను. ఫ్యామిలీ ఫోటో కదా, బాగోదని."

"గామె మా అమ్మ," అంది ప్రవీణ. కోపంగా అందామనుకుంది. ఓపిక లేక మామూలుగానే వచ్చింది.

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. లోపల్నుంచి సారు భార్య మంగతాయారు గోడ పట్టుకుంటూ వచ్చింది. "వీడి తెలివి తెల్లారినట్టే ఉంది! నలుగురు దిగిన ఫోటోని ముగ్గుర్ని చేసి ఊరందరికీ చూపించాడు," అని మనవణ్ణి కసిరి, ప్రవీణ వైపు తిరిగింది. "నర్సమ్మ కూతురివా? రామ్మా, కూర్చో. ముందు మంచినీళ్లు తాగు."

బీరువాలోంచి అసలు ఫోటో తీసి చేతిలో పెట్టింది. ప్రవీణ చీర కొంగుతో చేతులు తుడుచుకుని మరీ అందుకుంది.

నాలుగో మనిషి నవ్వుతోంది. మిగతా ముగ్గురూ కోర్టులో నిలబడ్డట్టు బిగుసుకుపోయి ఉంటే, ఆమె ఒక్కతే పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. గుండ్రటి మొహం, బూరె బుగ్గలు, చప్పిడి ముక్కు. ఇరవై ఏళ్లుంటాయేమో. తన కంటే ఎంతో చిన్నది. పిలిచి అన్నం పెట్టాలనిపించేంత చిన్నపిల్ల. ప్రవీణ ఆ మొహంలో తన కోసం వెతికింది. కళ్లలో వెతికింది, గడ్డం దగ్గర వెతికింది. ఎక్కడా లేదు.

"గీమెనేనా అమ్మా? మీకు మంచిగ యాదికున్నదా?"

"రెండేళ్లు పొద్దున్నే చూసిన మొహం, మర్చిపోతానా? వాకిట్లోకి రాకముందే దాని నవ్వు వినపడేది." మంగతాయారు ప్రవీణను తేరిపార చూసింది. "నువ్వు మీ నాన్న పోలికమ్మా. అప్పుడప్పుడూ సైకిల్ మీద దింపడానికి వచ్చేవాడు. ఆ పొడుగు మొహం, ఆ లోతు కళ్లు, అచ్చం ఆయనే. ఫోటో నువ్వే ఉంచుకో. మా వాళ్లవి ఇంకా చాలా ఉన్నాయి, దానిది ఇదొక్కటే."

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా ప్రవీణకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ అద్దంలో ఎవరిని చూసి అమ్మా అనుకుందో తలుచుకుంటే నవ్వొచ్చింది. నాయినకు చూపించాలి, ఆయన ఏడుస్తాడేమో, ఏడిస్తే ఏడవనీ అనుకుంది.

ఆగయ్య వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకు చూపు బాగానే ఆనుతోంది. ఫోటో తీసుకుని, దూరంగా పట్టుకుని, ఒక్కొక్కరినే చూశాడు.

"గీన సారు. మంచోడు పాపం. గీమె తాయారమ్మ, గీడు ఆళ్ల పోరడు." వేలు నాలుగో మనిషి మీద ఆగింది. "గీ పోరి ఎవరు?"

ప్రవీణ ఫోటోను వెలుతురు వైపు తిప్పింది. "మంచిగ సూడు నాయినా."

ఆయన మంచిగానే చూశాడు. చాలాసేపు చూశాడు. "ఆళ్లింట్ల పనిజేసే పిల్ల గావొచ్చు. నాకెర్క లేదు."

"అమ్మ గాదా?"

"మీ అమ్మనా?" ఆగయ్య తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మది గీ గుండ్రం మొహమెక్కడిది? నీ లెక్క పొడుగు మొహం. నీ లెక్కనే కండ్లు. నా పెండ్లాం నాకు తెల్వదా బిడ్డా?"

తెలియదు. ఇన్నేళ్లుగా రోజూ కూతుర్ని చూస్తూ చూస్తూ, పెళ్లాం మొహం ఎప్పుడు చెరిగిపోయిందో, అక్కడికి కూతురి మొహం ఎప్పుడొచ్చి చేరిందో ఆయనకే తెలియదు. ఆయన అబద్ధం ఆడటం లేదు. అదే ప్రవీణకు భరించలేనంత కష్టంగా ఉంది. తాయారమ్మే చెప్పిందన్న ఒక్క మాటతో రుజువు చెయ్యొచ్చు. చేస్తే, ఈ వయసులో ఆయనకు పెళ్లాం రెండోసారి చచ్చిపోతుంది.

"మరి మీ అమ్మ ఫోటో దొరకలేదా?" అని అడిగాడు ఆగయ్య, పాపం అన్నట్టు.

"దొరకలే నాయినా."

"పోనీ తియ్. ఫికర్ జెయ్యకు. నువ్వున్నవ్ గద."

ప్రవీణకు ఏడుపొచ్చింది. తల్లి కోసమా, తండ్రి కోసమా అని తేల్చుకునే ఓపిక కూడా ఆమెకు లేదు. ఆయన చేతిలోంచి ఫోటో మెల్లగా తీసుకుంది. ఆయన పెళ్లాన్ని ఆయనకే వదిలేసి, తన తల్లిని తీసుకుని లోపలికి వెళ్లింది.