సోమవారం జ్వరం

తాగనని ఒట్టు వేయడానికి వెళ్ళే మగవాడు తెల్లచొక్కాయే వేసుకోవాలని లెయోన్ ఊళ్ళో ఎవరూ శాసనం చేయలేదు. అయినా హెర్మీనియా మొగుడి నాలుగో ఒట్టుకి అదే తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. మొదటి ఒట్టు నాలుగు నెలలు నిలిచింది, రెండోది పదకొండు రోజులు. మూడోదాని సంగతి ఎత్తకపోవడమే మంచిది. కాలరు మీద చెమట మరక పోలేదని ఇంకోసారి రుద్దింది. చెయ్యి ఊరికే ఉండలేక రుద్దుతోంది తప్ప ఆ మరక పోదని ఆమెకీ తెలుసు.

"ఏమ్మా, అయిందా? పన్నెండింటికి ఫాదర్ తలుపేసుకుంటాడు," అంది అత్త సొలెదాద్ గుమ్మంలోంచి. కొడుకు ఒట్టంటే ఆవిడకి పండగ. గ్వాదలూపే మాత ముందు నిలబడి ఫలానా తేదీ దాకా తాగనని ప్రమాణం చేస్తే ఫాదర్ ఒక కార్డు రాసిస్తాడు. అది చూపిస్తే ఎంతటి తాగుబోతు స్నేహితుడైనా గ్లాసు వెనక్కి తీసుకుంటాడు. గడువు తీరగానే ఒట్టు తీసి గట్టున పెడతారు, అది వేరే సంగతి. సొలెదాద్ పొద్దున్నే లేచి వీధిలో అందరికీ చెప్పొచ్చింది.

అది బూట్లు కుట్టే ఊరు. అక్కడ ఆదివారం కన్నా సోమవారమే గొప్పది, ఆదివారం తాగింది దిగక సోమవారం పని ఎగ్గొట్టడానికి "పునీత సోమవారం" అని ముద్దుపేరు కూడా ఉంది. ఆ పునీతుడికి గుడి లేదు గానీ వీధి వీధికీ భక్తులున్నారు, హెర్మీనియా మొగుడు ఫిదెన్సియో వాళ్ళలో ముందువరస. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకే కార్ఖానా. ఆమె బూటు పైతోలు కుడుతుంది, అతను దాన్ని మిషన్ మీద పాదం అచ్చుకి బిగిస్తాడు. అతను రాని రోజు కుట్టిన తోళ్ళు గుట్టపడతాయి, అడుగులు అంటించేవాళ్ళూ మెరుగుపెట్టేవాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చుంటారు. జతకింత అని కూలి కాబట్టి ఆ రోజు వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. అయినా ఫిదెన్సియోని ఎవరూ ఒక్క మాటనరు. మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేని ఆడదాన్ని చూసినట్టు హెర్మీనియా వైపు చూస్తారు, అంతే.

అందుకే ఆమె ఫోన్ చేయడం నేర్చుకుంది. సోమవారం ఆరున్నరకల్లా మేస్త్రీ అబుందియోకి ఏదో ఒకటి చెప్పాలి. పంటినొప్పి, నడుంపట్టు, విరేచనాలు. ఏ వారం ఏం చెప్పిందో గుర్తుపెట్టుకోవడం మళ్ళీ ఒక పని, అందుకని చివరికి జ్వరం దగ్గర స్థిరపడింది. ఆదివారం మధ్యాహ్నం నుంచే పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడతాయి, తలుపు వేశానా లేదా అని సందు చివరి నుంచి వెనక్కొస్తుంది, మర్నాడు మిషన్ మీద సూదులు విరుగుతాయి. "తాగేది వాడైతే నువ్వెందుకమ్మా చిక్కిపోతున్నావు?" అని అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది ఒకసారి. కుట్టు విభాగానికి పెద్దగా హెర్మీనియాని కాదని ఇంకొకామెని వేసినప్పుడు అబుందియో "నీ చెయ్యి మంచిదేనమ్మా, నీ ధ్యాసే ఇక్కడుండదు" అన్నాడు. ఆ ధ్యాస ఎక్కడుంటుందో ప్రతి సోమవారం ఫోనులో వినే మనిషి అన్న మాట అది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది, కానీ తలూపి వచ్చి మిషన్ ముందు కూర్చుంది.

పోయిన సోమవారం కూడా చెప్పింది. కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉందంతే, పదింటికల్లా వచ్చేస్తాడని. ఆ మాట నమ్మి అబుందియో బయట మనిషిని పిలవలేదు. పది దాటింది, పదకొండయింది. చివరికి జిగురు రాసే తోమాసాని బిగింపు మిషన్ దగ్గర నిలబెట్టారు, రోజూ చూస్తూనే ఉన్నావు కదా అని. అరగంటలో ఆమె కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి.

కోడిచారు పట్టుకుని చూడ్డానికెళితే తోమాసా కోప్పడనైనా లేదు. "నువ్వు వస్తాడన్నావు కదక్కా, అందుకే అంతసేపు చూశాం," అంది. ఆరు రోజులుగా ఆ మాట హెర్మీనియాని కూర్చోనివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు. ఫిదెన్సియో ఏడ్చాడు, ఒట్టేస్తానన్నాడు. కార్డు తెస్తే పనిలో ఉంచుతానన్నాడు అబుందియో. దాంతో అందరి లెక్కలో సంగతి ముగిసిపోయింది. ఆమె అబద్ధం గురించి ఒక్కరూ అడగలేదు. ఇంట్లో అంట్లు ఎవరు తోమారని ఎవరైనా అడుగుతారా?

గుడి పక్క గదిలో ఫాదర్ నబోర్ బల్ల ముందు పెద్ద వరుసే ఉంది. ఫిదెన్సియో ఆరు నెలలన్నాడు. తాగొచ్చనే మినహాయింపు రోజుల దగ్గర బేరం మొదలైంది. డిసెంబరులో మాత పండగ, తమ్ముడి కూతురి పదిహేనేళ్ళ పుట్టినరోజు వేడుక. ఫాదర్ మాత పండగ కొట్టేసి, వేడుకొక్కటీ ఉంచాడు. వంకాయల బేరం కూడా ఇంతకన్నా గట్టిగా సాగుతుందనుకుంది హెర్మీనియా.

"నాకూ ఒకటి రాయండి ఫాదర్," అంది.

ఫిదెన్సియో నవ్వాడు. "దీనికెందుకు ఫాదర్, బీరు వాసనకే మూతి తిప్పుకుంటుంది."

"ఈయన కోసం ఎవరికీ అబద్ధం చెప్పనని రాయండి."

ఫాదర్ కలం ఆగింది. "అది పది ఆజ్ఞల్లో ముందే ఉందమ్మా. దానికి కార్డెందుకు?"

"తాగి పడిపోకూడదని కూడా అందరికీ తెలిసిందే కదా ఫాదర్. ఈయనకి రాశారు."

వరుసలో వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఫాదర్ ఇంకో కార్డు తీసి, అచ్చులో ఉన్న 'మద్యం' కొట్టేసి పైన 'అబద్ధం' అని రాశాడు. గడువెంతంటే ఆమె వద్దంది. అలవాటు కొద్దీ మినహాయింపులూ అడిగాడు, లేవంది. ఫిదెన్సియో మొహంలో నవ్వు ఆరిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అత్త ఇంటిదాకా సణుగుతూనే వచ్చింది.

ఐదు సోమవారాలు అతను పనికి వెళ్ళాడు. ఆమె పొయ్యి మీద మాత్రం ఆదివారం చిక్కుడుగింజలు మాడుతూనే ఉన్నాయి. ఆరో ఆదివారం తమ్ముడి కూతురి వేడుక వచ్చింది. తాగొచ్చని కార్డులోనే ఉంది కదా, తాగాడు. కార్డు ప్రకారం ఒట్టు తప్పలేదు. తెల్లారేసరికి బూట్లతోనే మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు.

ఆరున్నరకి అబుందియోనే ఫోన్ చేశాడు. సొలెదాద్ గబగబా వచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది. "జ్వరమని చెప్పమ్మా. ఈ ఒక్కసారికే. ఆ పాపం నేను మోస్తాను," అని గుసగుసలాడింది. హెర్మీనియా మోచెయ్యి విడిపించుకుంది. జ్వరం అన్న మాట దానంతటదే నాలుక చివరికి వచ్చేసింది.

"తాగి పడున్నాడండీ, ఇవాళ రాడు," అంది. "ఆ మిషన్ మీద ఇంకెవర్నీ నిలబెట్టకండి. నేను బయల్దేరుతున్నాను."

అవతల అబుందియో, రేపట్నుంచి కూడా రానక్కర్లేదని అతనితో చెప్పమని ఫోన్ పెట్టేశాడు.

సొలెదాద్ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. "నా కొడుకు ఉద్యోగం ఊడగొట్టావు కదే," అంది.

హెర్మీనియా చెప్పులు తొడుక్కుని తలుపు తీసింది. "ఇన్నాళ్ళూ ఆయన ఉద్యోగం నిలబెట్టే పని కూడా నేనే చేశాను అత్తా. ఇవాళ మానేశాను."