స్లాబు కింద నిప్పులు

బాయిలరు నోట్లోకి మరో రెండు సిల్వర్ ఓక్ దుంగలు తోసి, ఇనప తలుపుకి గొళ్ళెం వేసి, ధర్మ గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. గోడకున్న మీటరు నలభై రెండంటోంది. చెయ్యీ అంతే అంది. ఏడేళ్ళుగా ఆ రెండింటికీ పెద్దగా పేచీ రాలేదు.

ఇక్కణ్ణించి వేడినీళ్ళు నేలకింద గొట్టాల్లో పాక్కుంటూ పోయి పన్నెండు కాటేజీల టైల్సుని వెచ్చబెడతాయి. అరకు చలి చూడ్డానికి వేలు తగలేసి వచ్చినవాళ్ళ అరికాళ్ళకి మాత్రం చలి తగలకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా ధర్మ ఉద్యోగం అదే. నలభై ఆరేళ్ళ మనిషి, పొట్టి, వెడల్పు భుజాలు. కుడి ముంజేతి మీద వెంట్రుకలు కాలిపోయి నున్నగా ఉంటుంది. కనుబొమల్లో ఎప్పుడూ బూడిదే. మాట్లాడితే ఏం పోతుందో అన్నట్టుంటాడు గాని, షెడ్డులో చలి కాచుకోడానికి వచ్చినవాడెవడైనా తలుపు మూయబోతే మాత్రం అరుస్తాడు. బొగ్గుల గాలికి వాసనుండదు, తలుపు మూసుకుంటే నిద్రలోనే పోతావని బాయిలరు బిగించిన మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. ఏడేళ్ళలో ఆ తలుపు ఒక్కసారీ మూయలేదు.

తెల్లారి ఆరున్నరకి మేనేజరు వరహాలరావు మంకీక్యాప్‌తో వచ్చాడు.

"ధర్మా, నాలుగో నంబరోళ్ళు గొడవ సేత్తన్నారు. కిటికీలంట నీళ్ళు కారిపోతన్నాయంట, బిల్డింగు లీకంట. బేగి ఎళ్ళి తలుపులు తీసి తుడిసి రా."

నాలుగో నంబరులో అయిదుగురు పడుకున్నారు. కుర్చీల మీద తడి తువ్వాళ్ళు, కెటిల్లోంచి ఇంకా పొగలు, అద్దాల మీద ధారలు. ధర్మ రెండు కిటికీలూ బార్లా తెరిచాడు. ఓ పిల్ల కెవ్వుమని దుప్పట్లో దూరింది.

"లీకు కాదమ్మా, లోపలి ఆవిరే. పది నిమిషాలు గాలాడితే ఆరిపోద్ది," అన్నాడు. వరహాలరావు నేర్పిన మాటే. పది నిమిషాలకి ఆరిపోయింది కూడా.

ఆ పది నిమిషాలూ ధర్మ ఉత్తికాళ్ళతో ఆ నేలమీద నిలబడ్డాడు. గొట్టం మీద చెయ్యి పెట్టడమే గాని ఆ వెచ్చదనం కాలికి తగలడం అతనికి ఎప్పుడో గాని దొరకదు. అమ్మని ఒక్క పూట ఇక్కడ పడుకోబెడితే, అనుకున్నాడు. కిందటి నెల అడిగాడు కూడా, గది కాదు, బాయిలరు షెడ్డులో ఓ మూల. "దీన్ని రిసార్టనుకున్నావా, ఆస్పత్రనుకున్నావా?" అని వరహాలరావు నవ్వాడు. ఆ రోజు నుంచి ధర్మ డ్యూటీ దిగేటప్పుడు ఇనప బకెట్టులో బాయిలరు నిప్పులు ఇంటికి మోసుకుపోతున్నాడు. దానికెవరూ అడ్డుచెప్పలేదు. ఎలాగూ బూడిదయ్యేవే.

తల్లి సోములమ్మకి డెబ్భై దాటాయి. ఆయాసం. ఇదివరకు ఆమెకి చలంటే లక్ష్యముండేది కాదు. పాత గడ్డింట్లో నడిమధ్య పొయ్యి, దాని చుట్టూ కాళ్ళు పెట్టుకుని అందరూ పడుకునేవాళ్ళు. నిప్పు ఆరితే ఇంటికి మంచిది కాదని ఎవరో ఒకరు లేచి కర్ర ఎగదోసేవారు. పొగ గడ్డిలోంచి దాని దారిన అది పోయేది. ఆ ఇల్లు పీకేస్తేనే సర్కారు స్లాబు ఇల్లు వస్తుందన్నారు. పీకేశారు. కొత్తింట్లో మొదటి చలికాలం సోములమ్మ మూడు రాళ్ళు పెట్టి కర్రలంటిస్తే, పొగకి ఊపిరాడక అందరూ బయటికి పరిగెత్తారు. సున్నం నల్లబడింది. కోడలు రమణి వారం రోజులు మాట్లాడలేదు. అప్పట్నించి అదే గదిలో గ్యాసు మీద వంట, సిమెంటు నేల మీద ముసలామె పడక.

"వచ్చావేటిరా నాయినా," అంది సోములమ్మ, ధర్మ నిప్పుల బకెట్టుతో ఇంట్లో అడుగు పెట్టగానే. దుప్పటి తడిగా ఉంది. "పైనించి సుక్కలు పడతన్నాయిరా. రేతిరంతా నెత్తి మీదే. ఈ ఇల్లు ఏడుత్తంది."

"ఇల్లెందుకేడుత్తాదే అమ్మా. మంచు లోపలికొత్తంది."

నిజంగా అదే నమ్మాడు. స్లాబు అడుగున నీటిబొట్లు వేలాడుతున్నాయి. గోడ పైన రెండు గాలి కన్నాలు, వాటి అవతల తెల్లగా పొగమంచు. మంచు కన్నాల్లోంచి వచ్చి స్లాబుకి తగిలి నీరవుతోంది, కళ్ళకి కనిపిస్తూనే ఉంది. గంట కిందట తన నోటితో తనే అన్న మాట అతనికి గుర్తు రాలేదు. అది టూరిస్టుల గది, ఇది తమ ఇల్లు. అక్కడి సంగతి ఇక్కడా పనిచేస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

రెండు యూరియా సంచులు చుట్టి కన్నాల్లో బిగించాడు. కిటికీ సందులో పాత చీర ముక్క కుక్కాడు. నిప్పుల బకెట్టు తల్లి కాళ్ళ దగ్గరికి జరిపాడు. నెల రోజులుగా ఆ నిప్పులు ఎవరినీ ఏమీ చెయ్యలేదు. నెల రోజులుగా కన్నాలు తెరిచే ఉన్నాయి. ఆలోచించవలసినవాడు ఆలోచించలేదు.

"ఇప్పుడెలాగుందే?"

"పాతింట్లో ఉన్నట్టుందిరా." ఆమె ముఖం విప్పారింది. "తలుపు దగ్గరికేసి నువ్వు బేగి తొంగో."

ధర్మ తలుపు వేసి, అంబలి తాగి, అరుగు మీద ఎండ పడేచోట నడుం వాల్చాడు. రోజూ తల్లి దగ్గో, "ఒరే ధర్మా" అన్న పిలుపో అతన్ని నాలుగైదు సార్లు లేపేది. ఆ రోజు ఏదీ లేపలేదు. చాలా కాలానికి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. అతని తలకీ తల్లికీ మధ్య జానెడు గోడ.

కాఫీ పళ్ళు కొయ్యడానికి పోయిన రమణి మూడింటికి వచ్చి, తలుపు తోసి అత్తని పిలిచింది. రెండోసారి పిలిచిన గొంతు విని ధర్మ లేచాడు.

సోములమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి చెదరలేదు. లోపల అడుగు పెట్టగానే ధర్మకి తల దిమ్మెక్కింది. షెడ్డు తలుపు గుర్తొచ్చింది. తలెత్తి సంచుల వైపు చూశాడు. స్లాబు పొద్దుటికంటే ఎక్కువగా కారుతోంది.

"ఎచ్చగా పోయింది," అని ఏడ్చింది రమణి. "సలికి పోతాదేమోనని ఎంత బయపడ్డానో. నిప్పులు తెచ్చి పున్నెం కట్టుకున్నావు."

తన చేత్తో తనే తల్లిని చంపుకున్నానని చెప్పే ధైర్యం ధర్మకి లేదు. చెప్పకుండా బతికే ధైర్యమూ లేదని అప్పుడే తెలిసిపోతోంది. వచ్చినవాళ్ళందరూ అదృష్టవంతురాలన్నారు. వరహాలరావు ఫోనులో అయ్యో పాపమని, రెండ్రోజులు సెలవిచ్చి, "మరి ఈ రేతిరికి నేల ఎచ్చగుండాల, ఎవణ్ణి పెట్టమంటావు?" అని అడిగాడు.

మర్నాడు తల్లిని సాగనంపి వచ్చాక ధర్మ బియ్యం డబ్బా ఎక్కి సంచులు లాగేశాడు. ఎందుకు తీస్తున్నావని రమణి అడిగింది. అతను కిటికీ సందులోని చీర ముక్క కూడా లాగేశాడు. గాలి వచ్చింది, సాయంత్రానికి స్లాబు ఆరింది. కిటికీ గట్టు మీద, నిప్పు కొస నోట్లో పెట్టి అడ్డపొగ కాల్చి, తర్వాతకని సోములమ్మ ఆర్పి పెట్టుకున్న సగం చుట్ట ఉంది, కాలిన కొసన ఆమె పంటిగాట్లతో.