సుస్మిత అనే గాజులత్త

గాజులత్త అసలు పేరు సైదాబీ అని తహసీన్‌కు పదిహేడేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు. తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళకు ఆమె గాజులత్త, బడిపిల్లలకూ గాజులత్తే. మొగుడు జమాల్ "ఏమే" అనేవాడు, కొడుకు ఖలందర్ "అమా" అనేవాడు. పేరుతో పనిబడింది ఆధార్ కార్డుకు ఒక్కదానికే.

భుజాన గాజుల మలారం వేసుకుని ఆమె వీధిలోకి వచ్చిందంటే ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి అరుగుల మీదికి చేరేవాళ్ళు. చెయ్యి చూసి కొలత చెప్పేది. సబ్బు నురుగు రాసి, బొటనవేలి ఎముకను మెల్లగా లోపలికి నొక్కి, గాజు చిట్లకుండా ఎక్కించేది. ఎవరినీ సొంతంగా తొడుక్కోనిచ్చేది కాదు. "మీరే ఎక్కించుకుంటే ఇంక నేనెందుకే, కొట్టు కాడ కొనుక్కోండి పోండి" అని కసిరేది. చెయ్యి ఆమె చేతిలో ఉన్నంతసేపూ ఒక్కొక్కరూ తమ గోడు వెళ్ళబోసుకునేవాళ్ళు. ఆమె అన్నీ వినేది. తన సంగతి మాత్రం ఏ అరుగు మీదా విప్పేది కాదు.

ఆ వేసవిలో రేవతి ఊరికి వచ్చింది. పెద్ద రైతు వెంకట్రామయ్య గారి కూతురు. యూనివర్సిటీలో సైకాలజీ చదివి, అందులోనే పీహెచ్‌డీ చేస్తోంది. పల్లెటూరి ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోకుండా మనసులో దాచుకున్న బాధల మీద ఆమె పరిశోధన. గురజాల చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళతో మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసుకుని థీసిస్ రాయాలి.

మొదటి వారం ఒక్క మాట రాలలేదు. ఏ ఇంటికి వెళ్ళినా కుర్చీ తుడిచి వేశారు, కూల్‌డ్రింక్ తెప్పించారు. "మాకేం బాధలమ్మా, మీ నాన్నగారి చలవ వల్ల చల్లంగా ఉన్నాం" అన్నారు. ఎన్నికలప్పుడు ఇంటింటికీ వచ్చే ఆసామి కూతురి ముందు, ఫోను ఆన్ చేసి పెడితే, ఎవరు నోరు విప్పుతారు?

అప్పుడు రేవతి కంట తహసీన్ పడింది.

తహసీన్ తండ్రి బస్టాండు దగ్గర బైకులు బాగుచేస్తాడు. ఆ పిల్ల ఊరి బళ్ళో చదివి, గురజాలలో ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉంది. నలుగురిలో మాట పెగలదు. క్లాసులో సారు పేరు పిలిస్తే చెమటలు పట్టేవి. ఇంట్లో "మూగిమొద్దు" అనేవాళ్ళు. అలాంటి పిల్లను పట్టుకుని రేవతి ఒకరోజు అంది:

"నీ ముందు అందరూ ఎందుకు మాట్లాడతారో తెలుసా తహసీన్? నువ్వు మధ్యలో అడ్డు తగలవు. మాకు ఏడాదిపాటు క్లాసులో నేర్పే విద్య అది. నీకు పుట్టుకతోనే వచ్చింది."

ఆ మాట తహసీన్ ఎన్నిసార్లు తలుచుకుందో! తన మూగతనాన్ని విద్య అన్న మనిషి ఆమెకు అంతవరకూ తగల్లేదు. మర్నాటినుంచి రేవతక్క వెంట నీడలా తిరిగింది. ఎందుకు అని అడగకూడదనీ, తర్వాత ఏమైంది అని మాత్రమే అడగాలనీ నేర్చుకుంది. ఎదుటివాళ్ళు మాట ఆపితే తొందరపడి ఆ ఖాళీని పూడ్చకూడదనీ నేర్చుకుంది. అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది రేవతి చెప్పిన ఇంకో మాట: "వాళ్ళు మనకు చెప్పేది మన సొమ్ము కాదు. దాచమని ఇచ్చింది. అంతే." తనను కూడా డిగ్రీలో సైకాలజీ చేర్పిస్తానని రేవతి అంది. తహసీన్ అప్పటికే మనసులో చేరిపోయింది.

గాజులత్త దగ్గరికి రేవతిని తీసుకెళ్ళింది తహసీనే.

"నాతో ఏం మాటలమ్మా పెద్దోళ్ళకి?" అని గాజులత్త పక్కకు తిరిగింది.

"అత్తా, నేను పూచీ. బయటికి పోదు" అంది తహసీన్. అంత గట్టిగా ఆమె మాట్లాడటం గాజులత్త ఎన్నడూ వినలేదు. ముచ్చటపడి కూర్చుంది.

రేవతి కాగితం చదివి వినిపించింది. పేరు మారుస్తాం, ఊరి పేరు రాయం, ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చు. కింద సైదాబీ అని రాసి వేలిముద్ర వేయించుకుంది.

"ఏం పేరు పెట్టమంటారు మీకు?"

గాజులత్త బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "సుస్మిత అని పెట్టమ్మా. మా మనవరాలి ఇంగ్లీషు టీచరు పేరు. ఆ టీచరు ఎట్టా ఉంటదో తెలుసా, తెల్లగా, కాటన్ చీర కట్టుకుని! ఈ జన్మకి కాగితం మీదైనా సుస్మితనవుతా." ముగ్గురూ పకపకా నవ్వారు.

కాసేపు మామూలు మాటలు నడిచాయి. గాజులత్త తన అలవాటు కొద్దీ తహసీన్ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ చెయ్యి ఒత్తుతూ ఒత్తుతూ ఆగి, "ఆ ఫోను కట్టెయ్యమ్మా" అంది. రేవతి ఫోను తీసి నులకమంచం మీద బోర్లా పెట్టింది. అప్పుడు చెప్పింది గాజులత్త.

"మా ఖలందర్‌కి ఐదేళ్ళప్పుడు. పిల్లోడికి జరం, ఒళ్ళు కాలిపోతా ఉంది. పొద్దున్నే మలారం ఏసుకుని బయలుదేరా. అమ్మటానికే. బస్టాండు కాడికి పోయా, మాచర్ల బస్సొచ్చింది, ఎక్కా. స్టేషన్‌లో కూసున్నా. రైలెక్కుదామనుకున్నా గానీ, యాడికని టిక్కెట్ అడిగేది? రాత్రంతా ఆ బల్ల మీదే. మర్నాడు తిరిగొచ్చా. ముప్పాళ్ళలో మా అక్కకి బాగలేదని పోయా అని చెప్పా. ఇప్పటికీ ఆళ్ళకదే తెలుసు."

తహసీన్ నేర్చుకున్నట్టే మాట్లాడకుండా ఉంది.

"ఎవురూ కొట్టలా, తిట్టలా. నాకే ఒక్క రోజు ఎవురి చెయ్యీ పట్టుకోకుండా ఉండాలనిపిచ్చింది. పిల్లోడి చెయ్యి కూడా. అంత జరంలో, 'అమా పోవద్దే' అని పట్టుకున్నాడు. ఇడిపిచ్చుకుని పోయా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "వాడికి తెలిస్తే నా మొగం చూడడే."

చలికాలం మొదలయ్యాక నరసరావుపేటలో ఒక కాలేజీ వాళ్ళు రేవతిని ఉపన్యాసానికి పిలిచారు. తహసీన్‌ను కూడా కారులో ఎక్కించుకుని వెళ్ళింది. గాజులత్త తొడిగిన కొత్త ఆకుపచ్చ గాజులు వేసుకుని తహసీన్ ముందు వరసలో కూర్చుంది. "ఈ పనిలో నా కుడిచెయ్యి మా ఊరి అమ్మాయి తహసీన్" అని రేవతి వేదిక మీదినుంచి చూపించేసరికి హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు తెర మీద అక్షరాలు వెలిగాయి. సుస్మిత, పేరు మార్చాం. యాభై ఐదేళ్ళు. గాజుల వ్యాపారం. గురజాల దగ్గరి గ్రామం. ఒక్కడే కొడుకు, ఆటో డ్రైవర్.

రేవతి కథ చెప్పింది. బాగా చెప్పింది. మాచర్ల స్టేషన్, బల్ల, జరం, పిల్లవాడి చెయ్యి. హాలు ఊపిరి బిగబట్టి విన్నది. నిజం చెప్పాలంటే మొదటి క్షణం తహసీన్‌కు కూడా ఒళ్ళు పులకరించింది, ఈ కథను తెచ్చింది నేనేగా అని. ఆ తర్వాత తెర మీద "ఎవురి చెయ్యీ పట్టుకోకుండా ఉండాలనిపిచ్చింది" అన్న వాక్యం పడింది. ఒక్క అక్షరం తేడా లేదు. గాజులత్త ఎక్కడ మాట మింగిందో అక్కడ చుక్కలు కూడా పెట్టారు. బోర్లా పెట్టిన ఫోను ఆమె కళ్ళముందు కదిలింది.

వెనకే ఉన్న వరసలో, తమ ఊరినుంచి వచ్చి ఆ కాలేజీలో చదివే కుర్రాళ్ళు గుసగుసలాడారు.

"ఒరేయ్, ఇది మన ఆటో ఖలందర్ వాళ్ళమ్మ కదరా?"

"ఆ పిల్లది వాళ్ళ వీధేరా. వీడియో తియ్యి, తియ్యి."

తిరుగు ప్రయాణంలో కారు సగం దారి దాటింది. అప్పుడు తహసీన్ అడిగింది.

"ఫోను ఆపలేదా అక్కా?"

రేవతి రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "ఆపడం మర్చిపోయాను. తర్వాత చూస్తే అంతా రికార్డయి ఉంది. అంత మంచి డేటా ఎలా చెరపమంటావు? పేరు మార్చాను కదా. మా యూనివర్సిటీ కమిటీ వాళ్ళు కూడా చూసి సరేనన్నారు."

"మన ఊళ్ళో ఆమె పేరు ఎవరికి తెలుసక్కా?"

రేవతి గేరు మార్చింది.

"ఉన్న గుర్తులన్నీ చెప్పి, ఎవరూ ఎరగని పేరు ఒక్కటీ దాచావు." తహసీన్ ఆమె వైపు తిరిగింది. "తీసెయ్యక్కా. థీసిస్‌లోంచి తీసెయ్యి."

"కుదరదు తహసీన్. జర్నల్‌కి కూడా పంపించేశాను. నా నాలుగేళ్ళ పనికి ఆమె కథే ప్రాణం. నువ్వు చిన్నదానివి, బాధపడుతున్నావు, అర్థమవుతోంది. రేపు నువ్వు ఈ చదువు చదివితే నీకే తెలుస్తుంది." అలా అని, చల్లగా ఉందేమో అని అద్దం పైకెత్తి, ఏమైనా తింటావా అని అడిగింది. ఆ ఆప్యాయతే తహసీన్‌ను ఎక్కువ కాల్చింది. వేసవి అంతా తను నమ్మిన గొంతు అదే. ఇప్పుడూ అదే గొంతు, ఏమీ మారలేదు.

మర్నాడే రేవతి యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది.

ఇక చూడాలి. గాజులత్త టీ బంకు దాటితే చాలు, "సుస్మితక్క వచ్చుద్ది, జరగండ్రా" అని ఒకడు. "మాచర్లకి ఒక టిక్కెట్ ఇయ్యండ్రా అక్కకి" అని ఇంకొకడు. "ఒక్కతే పోయిందంటే ఎవురు నమ్ముతారు?" అని అరుగుల మీద ఆడవాళ్ళు, ఇన్నాళ్ళూ తమ గోడంతా ఆమె ఒళ్ళో పోసినవాళ్ళే. పుట్టినప్పుడు పెట్టిన పేరుతో ఒక్కనాడూ పిలవని ఊరు, దాచడానికి పెట్టిన పేరుతో రోజూ పిలిచింది. జమాల్ ఎప్పటిలాగే "ఏమే" అంటున్నాడు. ఖలందర్ మాత్రం తల్లి ఉన్న వసారాలో అన్నం తినడం మానేశాడు, పళ్ళెం పట్టుకుని ఆటోలో కూర్చుంటున్నాడు.

తహసీన్ ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేది. చెప్పవలసిన మాటలు దారిపొడవునా కూడబలుక్కునేది.

తహసీన్ పిన్ని కూతురు షబ్నం నిఖాకు గాజులు తొడగడానికి గాజులత్తను పిలిచారు. బతుకుతెరువు కదా, వచ్చింది. చాప మీద మలారం విప్పి, పెళ్ళికూతురికి మొదలుపెట్టి వరసగా అందరికీ ఎక్కించింది. ఎప్పటిలా కసర్లు లేవు, నవ్వులు లేవు. చెప్పుకోవడానికి ఎవరూ నోరు విప్పలేదు, ఆమె అడగనూ లేదు.

తహసీన్ వంతు వచ్చింది. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"అత్తా, నాకు తెలవదు. ఆ ఫోను ఆపిందనుకున్నా. ఒట్టు."

గాజులత్త ఆ చెయ్యి ముట్టుకోలేదు. మలారంలోంచి డజను ఎర్రగాజులు తీసింది. కొలత అడగలేదు, చూడనూ లేదు. ఆ చెయ్యి ఆమెకు చిన్ననాటినుంచీ తెలుసు.

"ఆమెదేముందే, పెద్దోళ్ళ పిల్ల, ఇయ్యాల వచ్చుద్ది రేపు పోయిద్ది. నేనామెకి చెప్పలా." గాజులను పేపర్లో పెట్టి నెమ్మదిగా మడిచింది. "నీకు చెప్పా. నీ చెయ్యి పట్టుకుని చెప్పా."

పొట్లాన్ని చాపిన ఆ చేతిలో పెట్టింది.

"ఇంటికి పోయి నువ్వే ఏసుకో."

అని, సబ్బు గిన్నె పక్కకు జరుపుకుని, వెనకాల ఉన్న పిల్లను రమ్మని పిలిచింది.