దిగనివాళ్ళు

అంబులెన్స్ రిపేరు షెడ్డులోకి వచ్చి ఆగగానే మెకానిక్కు బోర్డులాయన వంగి వెనక చక్రాల వైపు చూస్తాడు. బండి ఎంత కుంగిందో చూస్తే లోపల ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. రెండేళ్ళుగా, ఆసుపత్రికి చేరకుండా దారిలో పోయినవాళ్ళెవరూ ఆ బండి దిగలేదు. శరీరాన్ని దింపుకుని ఇంటివాళ్ళు తీసుకెళ్తారు, ఏడుస్తారు, జరగాల్సినవన్నీ జరుగుతాయి. వాళ్ళు మాత్రం లోపల బెంచీల మీద అలాగే కూర్చుని ఉంటారు. కొత్త పేషెంటుతో ఎక్కిన బంధువులు "కాస్త జరగండి" అంటే పాపం మోకాళ్ళు ముడుచుకుని సర్దుకుంటారు. నర్సు వాళ్ళ మీదుగానే చెయ్యి చాచి సెలైన్ సీసా తగిలిస్తుంది. వాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా బరువుతోనే.

ఆసుపత్రి గుట్ట మీద ఉంది. నాలుగు నిమిషాల్లో ఎక్కాల్సిన గుట్టని ఈ బండి ముక్కుతూ మూలుగుతూ పదకొండు నిమిషాలు ఎక్కుతుంది. ఆ ఏడు నిమిషాల్లో పోయేవాళ్ళు పోతారు, పోయి బెంచీ మీద కూర్చుంటారు, బండి ఇంకాస్త బరువెక్కుతుంది. కొత్త బండి ఇమ్మని అడిగితే ఆఫీసువాళ్ళు చూద్దాం అన్నారట. వాళ్ళు చూద్దాం అన్నాక ఇంక ఆశ పెట్టుకునేదేముంది? అప్పుడే డ్రైవరు బోర్డులాయన దగ్గరికొచ్చి, నీ చేతిలో ఉన్న విద్యేదో దీని మీద చూపించు అన్నా అని బతిమాలాడు.

బోర్డులాయన చేసేది కార్ల ఇంజన్ కంప్యూటర్ల పని. స్టీరింగు కింద పుస్తకమంత అల్యూమినియం డబ్బా ఉంటుంది. దాన్ని విప్పితే లోపలి పచ్చ బోర్డు అంచున ఒక కాంటాక్టుల వరస కనిపిస్తుంది. తయారుచేసినవాళ్ళు దాని మీద గట్టి వార్నిష్ పూసి వదిలేస్తారు. ఆ పూతని ఓపిగ్గా గీకి, స్పిరిటుతో తుడిచి, అగ్గిపెట్టెంత అదనపు బోర్డు దానికి తొడగాలి. ఏ ఎత్తులో ఎంత డీజిల్ పోయాలో ఆ బుల్లి బోర్డు ఇంజనుకి కొత్త పాఠం చెబుతుంది. అదే ఇంజను రెట్టింపు ఊపుతో లాగుతుంది. కుర్రకారు సరదాకి పెట్టించుకునే సరుకది. అంబులెన్సుకి పెట్టమన్నవాడు ఈ డ్రైవరొక్కడే.

పెట్టాడు గానీ సరిగ్గా పెట్టలేదు. దాచేదేముంది, కావాలనే రెండు కాంటాక్టుల మీద పూత ఉంచేశాడు. గట్టిగా అదిమి తొడిగితే ఆ పూతలోంచే ఎలాగో అందుకుని పదిహేను రోజులు నడుస్తుంది, ఆ తర్వాత కుదుపులకి ఆ రెండూ పట్టు తప్పుతాయి, ఇంజను మళ్ళీ పాత పాఠంలోకి పోతుంది, బండి మళ్ళీ షెడ్డుకొస్తుంది. డ్రైవరు టీ తాగొస్తానని వెళ్తాడు. అప్పుడు బోర్డులాయన చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని, వెనక తలుపు తెరుస్తాడు.

కుడివైపు బెంచీ చివర, ఆక్సిజన్ సిలిండరు పక్కన అతని కూతురు ఉంటుంది. తొమ్మిదేళ్ళది. కాళ్ళు కిందికి అందక ఊపుతూ ఉంటుంది. ఒక్కచోట నిలవదని ఇంట్లో దాన్ని మిడత అనేవాళ్ళు. అలాంటి పిల్ల రెండేళ్ళుగా అక్కడే కూర్చుంది. జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చిన రోజు బండిలో ఒక్కరికే చోటుందంటే వాళ్ళమ్మ ఎక్కింది. పిల్ల బెంబేలెత్తి నాన్న చెయ్యి వదల్లేదు. "స్కూటరు మీద నీ వెనకే వస్తున్నా. నేనొచ్చి దిగమనేదాకా దిగకు, సరేనా?" అన్నాడు. మిడత తలూపింది. స్కూటరు గుట్ట ఎక్కేసరికి అంతా అయిపోయింది.

వాళ్ళమ్మ ఎన్నిసార్లో వెళ్ళి దిగు తల్లీ అని పిలిచింది. నాన్న చెప్పలేదుగా అంటుంది మిడత. ఇంటికొచ్చి ఆవిడ మొగుణ్ణి కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది, ఒక్క మాట చెప్పి రండి అని. చెప్తాలే అంటాడు, చెప్పడు. చెబితే దిగిపోతుంది. అంతకుముందు ఇంటివాళ్ళు పిలిస్తే దిగినవాళ్ళు ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. బెంచీ మీద ఉన్నంతకాలం తనకో కూతురుంది. పదిహేను రోజులకోసారి ఆ కాళ్ళ ఊపు చూసుకోవడానికే ఆ మనిషి అంత పని చేశాడు. తిట్టాలనిపిస్తే తిట్టండి, అతను కాదనడు.

ఒకరోజు పొద్దున బండి వచ్చాక డ్రైవరు టీకి వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"టైలర్ బాబాయ్ పోయాడన్నా. గుట్ట సగంలో ఉండగా ఇంజను ఉసూరుమంది."

టైలరు కొట్టు ఈ షెడ్డు పక్కనే. మిడతకి బడి బట్టలు కుట్టింది ఆయనే. పొద్దున గుండె పట్టుకుని మిషను మీద వాలిపోతే ఈ బండిలోనే తీసుకెళ్ళారు. బోర్డులాయన చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

"పిన్ని అక్కడే దిగమని పిలిచింది. ఆయన దిగలేదు" అన్నాడు డ్రైవరు.

"ఎందుకట?"

"పసిపిల్లని ఒంటరిగా వదిలేసి ఎలా దిగమంటావు అన్నాడు. అందరిదీ అదే మాటన్నా. ఎవరింటి వాళ్ళు వచ్చి పిలిచినా మీ పిల్లని చూపించి ఉండిపోయారు. ఇన్నాళ్ళూ నీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు."

బోర్డులాయన నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. "రెండు కాంటాక్టులు నేను గీకలేదు. ఒక్కసారి కూడా గీకలేదు."

డ్రైవరు అతని వంక చూశాడు. కొడతాడేమో అనుకున్నాడు బోర్డులాయన, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. డ్రైవరు లేచి బల్ల మీది గీకుడు బ్లేడు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ముందు పిల్లతో చెప్పు. తర్వాత గీకు."

బోర్డులాయన ఆ రోజు చేతులు కడుక్కోలేదు. తలుపు తెరిస్తే లోపల ఊపిరాడనంత మంది. మెడలో టేపుతో టైలరు మిడత పక్కనే ఇరుక్కుని కూర్చుని దాని చెయ్యి కొలుస్తున్నాడు. రెండేళ్ళ కిందటి కొలతే ఉందేమిటే నీకు, అంటున్నాడు.

"మిడతా."

"వచ్చావా నాన్నా."

"వచ్చానమ్మా. ఇంక దిగు."

పిల్ల కాళ్ళు ఊపడం ఆపేసింది. "స్కూటరు తెచ్చావా?"

"తెచ్చాను."

"చాలా ఆలస్యం చేశావు."

"అవునమ్మా. తప్పు నాదే."

చంకల కింద చేతులు వేసి దింపాడు. మిడత అప్పటి బరువే ఉంది, జ్వరంలో ఎత్తుకున్నప్పటి బరువు. మెడ చుట్టూ చేతులు వేసింది. షెడ్డు వాకిట్లో స్కూటరు దాకా పదడుగులుంటాయి. అడుగడుక్కీ బరువు తగ్గుతూ వచ్చింది. సీటు మీద కూర్చోబెడదామని వంగేసరికి చేతుల్లో ఏమీ లేదు. అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

వెనకాల ఒక్కొక్కరే దిగారు. నడుములు పట్టేసినవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని దిగారు. ఆఖరున టైలరు దిగి, బోర్డులాయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. బండి వెనక భాగం జానెడు లేచింది.

బోర్డులాయన కళ్ళు తుడుచుకుని డబ్బా విప్పాడు. ఆ రెండు కాంటాక్టుల మీది పూత రాగి మెరిసేదాకా గీకాడు. మూడుసార్లు తుడిచి, బోర్డు తొడిగి, కదలకుండా కింద రబ్బరు ముక్క పెట్టాడు. చివరి స్క్రూ బిగిస్తుండగానే ఫోను మోగింది. ఎవరో పెయింటరు నిచ్చెన మీంచి పడ్డాడట. డ్రైవరు పరుగున వెళ్ళి బండెక్కాడు.

బోర్డులాయన వాకిట్లో నిలబడి చెవులు రిక్కించాడు. బండి పెయింటర్ని ఎక్కించుకుని గుట్ట మొదలుకి రావడం వినిపించింది. మూడో గేరు, ఇంకా మూడో గేరే. ఇంజను ఎక్కడా ఉసూరుమనలేదు. నాలుగు నిమిషాలు తిరక్కుండానే సైరన్ ఆగింది. పెయింటరు బతికాడు, నెల తిరిగేసరికి మళ్ళీ నిచ్చెనెక్కాడు. ఎవరెవరు దిగితే తను అంత తొందరగా గుట్ట ఎక్కాడో అతనికి తెలీదు.

మధ్యాహ్నం బోర్డులాయన స్కూటరు తోసుకుంటూ ఇంటికెళ్ళాడు. ఎక్కి నడపబుద్ధి కాలేదు. అంట్లు తోముతున్న భార్య తలెత్తి అతని మొహం చూసి చేతులు ఆపేసింది.

"చెప్పాను" అన్నాడు.

ఆవిడ మసి చేతులతోనే గోడకి ఆనుకుంది. "ఏమంది?"

"స్కూటరు తెచ్చావా అంది."