డ్రాయింగ్ మాస్టారి సీరియల్

గద్వాల మొత్తంలో మధ్యాహ్నం మూడింటికి ఆ సీరియల్ చూసే ఇల్లు తమదొక్కటేనని వసంత నమ్మకం. అయితే అవనీ! అందులో అత్తల అరుపులు లేవు, ఉరుముల మ్యూజిక్ లేదు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఆయన భార్య, వాన కురిస్తే కారే ఒక ఇల్లు, అంతే. పక్కింటి కిష్టమ్మ ఒక్కరోజు చూసి, "ఏందే ఇది? ఒక్కలన్న నోరిప్పరేంది?" అని లేచిపోయింది. ఆమెకేం తెలుసు!

ఆ రోజు మాస్టారి దగ్గరికి కారులో ఒక పెద్దమనిషి వచ్చాడు. దేవుడి పటం గీసి అందులో తన ముఖం పెట్టమన్నాడు, ఇల్లు బాగు చేయిస్తానన్నాడు. మాస్టారు ఏం జవాబిచ్చాడో చూపించనే లేదు. సాయంత్రం భార్య ఆయన కుంచెలు ముట్టుకుని చూసింది. పొడిగా ఉన్నాయి. ఏమీ అడగకుండా, కారుతున్నచోట గిన్నె పెట్టి ఆయనకు అన్నం వడ్డించింది. అబ్బ, ఎంత గొప్పగా తీశారు! వసంత కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే మగ్గం మీద చెయ్యి తప్పింది.

గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. మగ్గం మీద మొగుడు రాఘవేందర్ పోగు నడిపే నడుమ నాడె విసిరితే, పక్కన కూర్చున్న వసంత అంచు నాడె విసరాలి. రెండు పోగులూ ఒకదానిలో ఒకటి మెలిపడితేనే అతుకు నిలుస్తుంది. ఆ రోజు రెండు వేళ్ల మేర మెలి పడలేదు. ఆమె గమనించేసరికి నేత మూరెడు ముందుకు పోయింది. మొగుడికి ఎలా చెబుతుంది? ఈ చీర నచ్చితేనే సావుకారి మహిపాల్ ఏడాదంతా పని ఇస్తానన్నాడు. లేదంటే మగ్గం విప్పేసి రాఘవేందర్ హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరాల్సిందే. కుచ్చిళ్లలోకి పోయే చోటే కదా అని వసంత నోరు మూసుకుంది. పది రోజులు టీవీలో మాస్టారిని చూడాలంటేనే సిగ్గేసింది.

మహిపాల్ వచ్చాడు. చీర పరిచి, తిరగేసి చూసి, "మస్తుంది రాఘవేందర్! రేపే కొత్త పడుగు పంపిస్త," అన్నాడు.

"అన్నా, జర ఆగు." వసంత మడత విప్పి ఆ సన్నటి చీలిక చూపించింది. "ఈడ మెలి పడలే. తప్పు నాదే. టీవీ చూసుకుంట నాడె ఏసిన."

మహిపాల్ ముఖం మాడిపోయింది. "చెప్పకపోతే నాకు తెలుస్తుండెనా!" అని కాసేపు గొణిగాడు. "ఈ చీర నాకొద్దు. ఇంకొకటి నేసియ్యి. అది చూసినంక మాట్లాడుదం," అంటూ చెప్పులేసుకున్నాడు.

ఇక మొగుడు ఏమంటాడోనని వసంత అటు తిరిగింది. రాఘవేందర్ చీర మడత పెడుతూ, "నేను గూడ చూసిన, ఆ దినమే," అన్నాడు.

వసంతకు ఒళ్లు మండింది. "చూసి గూడ ఊకున్నవా? గప్పుడే చెప్తే ఇప్పి మళ్ల నేస్తుంటిమి గదా!"

"చెప్దమనే నీ దిక్కు చూసిన. పదహారేండ్ల సంది నా పక్కన కూసుంటున్నవ్. నీ మొఖం గట్ల ఎలిగిపోవుడు ఎన్నడు చూడలే. ఆపబుద్ధి కాలే."

"తర్వాతన్న చెప్పొద్దా మరి!" అని కసురుతూనే, వసంత చీర రెండో కొస అందుకుని మడత పట్టింది.