జానెడు ఎడమకు

నేను ఒక పాత సైనిక రైఫిల్‌ని. ఇప్పుడు పోలీస్ స్టేషన్ వెనక గదిలో, పట్టుబడిన సారా డబ్బాల పక్కన, మెడకు అట్టముక్క కట్టించుకుని నిలబడి ఉన్నాను. నన్ను శత్రువు కోసం తయారుచేశారు. ఆ శత్రువెవరో ఎవరూ చూపించలేదు. ఉద్యోగమంతా శిక్షణ శిబిరంలో మట్టిదిబ్బలను కాల్చడంతోనే గడిచిపోయింది.

ఒకసారి లారీ నుంచి దించుతూ నన్ను బండమీద పడేశారు. గొట్టం చివర గురి చూసే ముక్క, ముందు సైటు, బియ్యపుగింజ మందాన కుడికి జరిగింది. దాన్ని తిప్పి సరిచేసే మర లేదు. గాడిలో బిగించిన ఇనుపముక్క అది, సుత్తితో కొడితేనే కదులుతుంది. కొట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. అప్పటి నుంచి వంద గజాల దూరంలో జానెడు ఎడమకు కొట్టడం నాకు అలవాటైంది. కొత్త తుపాకులు రాగానే నన్ను పనికిరాని సామానులో కలిపేశారు.

అక్కడి నుంచి నిర్మల్ దగ్గరి బాపూరావు పటేల్ చేతికి వచ్చాను. పాత సైనిక తుపాకులంటే ఆయనకు పిచ్చి. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "సైన్యం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, ఒక్క మేకు గూడ ముట్టలే" అని మురిసిపోయేవాడు. ముద్దు చేయడం ఆయన వంతు, పని చేయించడం ఆయన చేను కాసే పోశెట్టి వంతు. పంట కాపలాకని పోశెట్టి పేరును కూడా లైసెన్సులో ఎక్కించారు. పోశెట్టి నన్ను మూడుసార్లు కాల్చి చూసి, నా గుణం పట్టేశాడు.

"పటేలా, గిది ఎడమకు గుంజుతది. జానెడు కుడికి గురి వడితే సక్కగ తాకుతది" అన్నాడు.

ఇరవై ఏళ్లు అలాగే పట్టాడు. అటవీశాఖ అనుమతి వచ్చినప్పుడల్లా మక్కచేలో అడవిపందులను ఒక్కో తూటాతో పడగొట్టాడు. నా వంకరను తప్పు అనని మనిషి అతనొక్కడే. అతనంటే నాకు ప్రాణం.

ఒక ఆదివారం హైదరాబాదు నుంచి ఇంకో తుపాకుల పిచ్చివాడు వచ్చాడు. నన్ను కాల్చి, చిల్లులు చూసి పకపకా నవ్వాడు. "ఇది తుపాకీయా, తూనీగా?" అన్నాడు. పటేల్ ముఖం మాడిపోయింది. అతను వెళ్లగానే తలుపేసుకుని, ఇత్తడి సుత్తితో నా ముందు సైటును ఎడమకు కొట్టాడు. మర్నాడు కాల్చి చూస్తే తూటా చూసిన చోటే తగిలింది. ముట్టలేదని ఊరంతా చెప్పుకున్న మనిషి, ముట్టానని ఎలా చెబుతాడు? పోశెట్టికి తర్వాత చెబుదాంలే అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున మక్కచేలోకి అడవిపంది వచ్చిపడింది. దాన్ని చేలోంచి తరమబోయిన పోశెట్టి తమ్ముడు భోజన్నను అది కిందపడేసి తొడను చీలుస్తోంది. పోశెట్టి వంద గజాల దూరంలోని గట్టు మీది నుంచి నన్ను ఎత్తాడు. పందికి జానెడు కుడిపక్కనే భోజన్న మోకాలు ఉంది. పోశెట్టి ఆ మోకాలి మీదే గురిపెట్టాడు. నా మీద అంత నమ్మకం! వద్దని అరవాలనిపించింది. నాకు నోరున్నది తూటాకే గానీ మాటకు కాదు.

తూటా మోకాలిలో దిగింది. చప్పుడుకు పంది పారిపోయింది. ఆసుపత్రిలో భోజన్న కాలు తీసేశారు.

అన్న తమ్ముడి మీదికే తుపాకీ తిప్పాడని చూసినవాళ్లు చెప్పారు. పోశెట్టి ఎస్సై ముందు చేతులు కట్టుకుని, "ఎడమకు కొడ్తదని కుడికి వట్టిన సారూ, గంతే" అన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి నన్ను కాల్చి చూస్తామన్నారు. మర్నాడు తెచ్చి అప్పగించమని పటేల్‌తో చెప్పారు.

ఇంటికి రాగానే పటేల్ సుత్తికి గుడ్డ చుట్టాడు. నా సైటును మళ్లీ కుడికి, పాత గుర్తు దాకా కొట్టాడు. తర్వాత నన్ను ఒళ్లో పెట్టుకుని తుడిచాడు. ఆయన మీద జాలి పడదామని చూశాను, నా వల్ల కాలేదు.

పరీక్షలో మూడు తూటాలూ జానెడు ఎడమకే పోయాయి. "నువ్వు చెప్పినట్టు పట్టి ఉంటే పందికే తగలాలి కదయ్యా!" అన్నాడు ఎస్సై. పోశెట్టి నా వైపు చూశాడు.

"అయితే నా చెయ్యే తప్పింది సారూ" అన్నాడు.

పటేల్ అతని భుజం మీద చెయ్యేసి, "వయసు మీద వడ్డది పోశెట్టీ, నువ్వేం జేస్తవ్" అన్నాడు. ఆ మాటకు పోశెట్టి ఏడ్చి, ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

మొన్న కానిస్టేబుళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఊళ్లో కంటి శిబిరం పెట్టారట. బెయిలు మీద ఉన్న పోశెట్టి వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడట. చూపు బాగానే ఉందని డాక్టరు ఎంత చెప్పినా నమ్మలేదట. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, సరిగ్గా చూడమని బతిమాలాడట.