ఎడమ చక్రం, కుడి చక్రం

"వదినా, టీ తర్వాత పెడుదువులే. ముందొచ్చి ఈ లీవరు పట్టుకో," అన్నాడు అజయ్ కుమార్.

పరంజ్యోతి స్టవ్ ఆర్పి, కొంగు దోపుకొని వచ్చింది. లావు టైర్ల నాలుగు చక్రాల బండి షెడ్డు నడుమ నిలబడి ఉంది. రుద్రవరం దాటి అడవి అంచున హేమలతకు చీనీ బత్తాయి తోట ఉంది. తోట చూడవచ్చే వాళ్ళను గుట్ట ఎక్కించి దించడానికి కొన్న బండి అది. దిగేటప్పుడు ముందు బ్రేకు సరిగ్గా పట్టడం లేదని మొన్న ఇక్కడ వదిలిపోయింది. మధ్యాహ్నం నంద్యాల నుంచి ఒక కుటుంబం పిల్లలతో సహా వస్తోందట. తీసుకుపోదామని పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుంది.

పరంజ్యోతి లీవరు నొక్కింది. నానిన బన్ను మాదిరి మెత్తగా దిగిపోయి హ్యాండిల్‌కు అంటుకుంది. అజయ్ చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేశాడు. సన్న గొట్టం గుండా బ్రేక్ ఆయిల్ సీసాలోకి కారింది. నిపుల్ బిగించాక ఆమె లీవరు వదిలింది. ఆయిల్‌లో చిక్కిన గాలి తీయడం ఇది నాలుగోసారి. ప్యాడ్లు కొత్తవి, ఆయిల్ కొత్తది. లీవరు మాత్రం అట్లే ఉంది.

"రవ్వంత గాలి మిగిలుంటాది. తోలే కొద్దీ అదే గట్టిపడతాదిలేక్కా," అన్నాడు హేమలతతో.

"పిల్లోళ్ళు ఎక్కుతారు కదప్పా!"

"నిదానంగా తోలమను."

పరంజ్యోతి వేళ్ళు లీవరు మీదే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు ఈ షెడ్డులో ఆమె చేసిన పని ఇదే. భర్త శ్యాంసుందర్ చక్రం దగ్గర కూర్చుని నొక్కమంటే నొక్కేది, వదలమంటే వదిలేది. కారుకైతే కాలితో, బైకుకైతే చేత్తో. పొయ్యి మీద అన్నం మాడినా సరే, ఆయన చెప్పిందాకా కాలు తీయకూడదు. ఎవరన్నా వస్తే, "మా ఇంటామె. ఊరికే కూర్చోనుంటాది, తోడుకు," అనేవాడు. ఆయిల్ వాసన వదలని చేతులతో ముద్ద కలిపి పెడితే అత్త, "ఏం చేతులే తల్లీ ఇవి!" అని పళ్ళెం జరిపేసేది. పనిచేసిన చేతులనుకోలేదు, కడుక్కోని చేతులనుకుంది. లోపల గాలి ఉంటే లీవరు ఎట్లా దిగుతుందో, గొట్టం ఉబ్బితే ఎట్లా దిగుతుందో ఆ వేళ్ళకు విడివిడిగా తెలుసు. అది తెలివని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అనుకోలేదు.

ఆయన పోయి రెండేళ్ళు. నిన్న అజయ్ ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పాస్టరమ్మ రెబెకా దగ్గర యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో పరంజ్యోతి దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. "నా భర్త మరణించినందునను, నాకు ఈ పని తెలియనందునను, షెడ్డును టైర్ల దుకాణమునకు బాడుగకు ఇచ్చుచున్నాను." షెడ్డు పోతుందన్న బాధ కంటే ఆ రెండో మాట ఎక్కువ గుచ్చుకుంది. సంతకం పెట్టలేదు.

"ఇంగోసారి నొక్కుతా. బ్రేకు గొట్టం పట్టుకోని చూడు," అంది. గొట్టం ఉబ్బలేదు. ఎక్కడా తడి లేదు. ఆమె లేచి రెండు ముందు చక్రాల దగ్గరా వంగి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్లను చూసింది.

"అజయ్, ఇప్పిన క్యాలిపర్లు యాడ పెట్టినావు?"

"కిరసనాయిలు తట్టలో."

"రెండూ ఒగే తట్టలోనా?"

"ఒక్కోదానికి ఒక్కో తట్ట పెట్టనీకి ఇదేమన్నా పెండ్లా?"

శ్యాంసుందర్ విప్పిన సామాన్లు ఏనాడూ కలవలేదు. పాత చీర ముక్క పరిచి, ఎడమ చక్రానివి ఎడమకు, కుడి చక్రానివి కుడికి పేర్చింది ఆమే కాబట్టి.

"నిపుల్ యాడుందో చూడు."

"కింద."

"గాలి యాటికి పోతాది?"

హేమలత నవ్వింది. "పైకప్పా! బిందె ముంచితే బుడగ యాటికొస్తాది?"

"ఎడమది కుడికేసినావు, కుడిది ఎడమకేసినావు. గాలి పైన కూర్చోనుండాది. నువ్వు కింద తలుపు తీసి పొమ్మంటే యాడ పోతాది?"

అజయ్ ముఖం ఎర్రబడింది. "అన్న ఉంటే ఇట్లా మాట్లాడేదానివా వదినా?"

"మీ అన్న ఉంటే ఇట్లా బిగించనిచ్చేదాన్నే కాదు. లే, పక్కకు జరుగు. నువ్వు లీవరు పట్టుకో."

స్పానర్ ఆమె చేతికి వచ్చింది. క్యాలిపర్లు రెండూ విప్పి, తుడిచి, దేని చోటికి దాన్ని చేర్చింది. ఇప్పుడు నిపుల్ పైన ఉంది. ఆమె నొక్కమంటే అజయ్ నొక్కాడు. గొట్టంలో బుడగలు బిలబిలా వచ్చాయి, తర్వాత పలచబడి ఆగిపోయాయి. అతను చెయ్యి వదులు చేయబోగానే, "వదలద్దు, నేను చెప్పిందాకా!" అంది. రెండో చక్రమూ అయ్యాక లీవరు సగం దిగి రాయిలా ఆగింది. బండి రంగు పాడవకుండా, మీద పడ్డ ఆయిల్ చుక్కలను నీళ్ళతో కడిగింది.

అజయ్ తాళంచెవికి చెయ్యి చాచాడు. "నేను తోలి చూసొస్తా."

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు బిగించినవాళ్ళే మొదట ఎక్కాలి. ఇన్నేళ్ళూ బండ్లను లోపలికీ బయటికీ జరిపిందే తప్ప, ఏనాడూ పరంజ్యోతి పేరున ఏ బ్రేకూ బిగిసింది లేదు.

"ఈ చెవి నాది," అంది.

కాలువ గట్టు మీది వాలులో బండిని వేగం అందుకోనిచ్చి, ఒక్కసారిగా బ్రేకు నొక్కింది. బండి ముందుకు వంగి, నేలను పట్టుకున్నట్టు నిలబడింది. మళ్ళీ పైకెక్కి మళ్ళీ దిగింది. మూడోసారి అవసరం లేదు, అయినా దిగింది.

హేమలత బండి ట్రాలీ మీదికెక్కించుకొని పోతూ, "నెల దాటినాక ఇంగోసారి చూపిస్తానక్కా," అంది. అజయ్ వైపు చూడలేదు.

అజయ్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, "టైర్లాయప్ప సాయంత్రం వస్తాడు వదినా. ఏం చెప్పల్ల?" అన్నాడు.

"షెడ్డు ఖాళీ లేదని చెప్పు."

"ఎవరుండారు అంటే?"

పరంజ్యోతి స్పానర్లను మేకులకు తగిలిస్తోంది. వెనక్కి తిరగలేదు.

"మెకానిక్కు ఉండాదని చెప్పు."